నాన్‌లోకల్

మా ఇంట్లో మాట్లాడేది తెలుగే. పెళ్లిళ్లకు సిరిసిల్ల వెళ్తాం, బతుకమ్మ సూరత్‌లోని లింబాయత్‌లో ఆడతాం. నేను అక్షరాలు దిద్దింది కూడా సూరత్ మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడిలోనే. అయినా వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ లెక్కలో నేను నాన్‌లోకల్‌ని. అక్కడ లోకల్ కావాలంటే 9వ తరగతి నుంచి ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలి. ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్ల విషయంలో ఆ నిబంధన సబబేనని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

నేను సీటు కోసం తిరిగే రోజుల్లో మా బాపుకు ఈ నాన్‌లోకల్ లెక్క మింగుడుపడలేదు. "మన వరంగల్‌ల మనకు సీటియ్యరా?" అని చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. నీట్‌లో నా ర్యాంకు ఎలాగూ డాక్టరు సీటు దరిదాపుల్లో లేదు. ఇక మిగిలింది గుజరాత్‌లో ఫిజియోథెరపీ. దానికి అప్పట్లో నీట్‌తో పనిలేదు. సైన్స్ బీ గ్రూపు (బయాలజీ) పిల్లలకు 12వ తరగతి మార్కులతోనే మెరిట్ లిస్టు వేసేవారు. ఆన్‌లైన్‌లో పిన్ కొనుక్కోవాలి, ఫారం నింపాలి, హెల్ప్ సెంటర్‌కు ఒరిజినల్స్ పట్టుకెళ్లాలి, లిస్టు పడ్డాక కాలేజీల పేర్లు ఇష్టం ప్రకారం వరస పెట్టుకోవాలి. గాంధీనగర్‌లోని ప్రవేశాల కమిటీ అంతా నడిపిస్తుంది.

హెల్ప్ సెంటర్ బల్ల ముందు బాపు అన్నిటికన్నా పైన పెట్టింది తెలంగాణ బీసీ సర్టిఫికెట్. లామినేషన్ చేయించి మరీ తెచ్చాడు. బల్ల వెనకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి పక్కన పెట్టేశాడు. వేరే రాష్ట్రం కాగితంతో ఇక్కడ రిజర్వేషన్ రాదు. "జన్మ్‌నో దాఖలో లావో" అన్నాడు. నా బర్త్ సర్టిఫికెట్ ఫైలు అడుగున ఉంది, సూరత్ మున్సిపాలిటీ ముద్రతో, అంచులు చిరిగిపోయి. నన్ను లోకల్ చేసింది ఆ కాగితమే.

సీటొచ్చింది. చుట్టాల్లో ఒకరు "డాక్టర్ సీటు రాలేదా బిడ్డా, పోనీలే" అని ఓదార్చారు. వైద్యం అంటే ఎంబీబీఎస్ ఒక్కటే, తక్కినవన్నీ దొరకనివాళ్లు సర్దుకునేవి అనే నమ్మకం మన తెలుగువాళ్లలో పాతుకుపోయింది. సూరత్‌లో బతుకుతూ కూడా అలా అనుకోవడం నాకు వింతగా ఉంటుంది. 1994లో ప్లేగు వచ్చి జనం రైళ్లెక్కి పారిపోయిన ఊరిది. మరుసటి ఏడు మున్సిపల్ కమిషనర్‌గా వచ్చి, చీపుళ్లతో, చెత్త బండ్లతో ఊరిని బాగుచేసింది సూర్యదేవర రామచంద్రరావు అనే మన తెలుగు ఐఏఎస్. ఆయన డాక్టరు కాదు.

మా కాలంలో అది నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. మొదటి ఏడు అనాటమీ, ఫిజియాలజీ బండెడు బట్టీ. గుజరాతీ మీడియం నుంచి వెళ్లినవాళ్లకు ఎముకల పేర్లు ఇంగ్లీషులో నోటికెక్కేసరికే సగం సంవత్సరం పోతుంది. పుస్తకాల సంగతి అంతే. చదువు అసలు అర్థమైంది కామ్‌రేజ్‌లో, హైవే దగ్గరి ఒక చిన్న క్లినిక్‌లో పనికి చేరాక.

కామ్‌రేజ్‌కు వచ్చే నొప్పులు చూస్తే ఈ జిల్లా బతుకుతెరువు మొత్తం తెలిసిపోతుంది. వజ్రాలు సానబట్టేవాళ్లకు మెడ. చెరకు కోతల కాలంలో డాంగ్స్ నుంచి, మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే కూలీలకు నడుము, మోకాళ్లు. హైవే మీద బండి ప్రమాదాల్లో విరిగి, కట్టు విప్పాక బిగుసుకుపోయిన మోచేతులు. ఇక సాయణ్, కిమ్, పిపోదరా వైపు నుంచి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు, వాళ్లలో మనవాళ్లూ.

అలా వచ్చిన ఒక కాకాకు కుడి భుజం పట్టేసింది. షుగరుంది. షుగరున్నవాళ్లలో భుజం ఇలా బిగుసుకోవడం ఎక్కువ. కోణం కొలిచే గోనియోమీటర్ పెట్టి చెయ్యి పక్కకు ఎత్తమన్నాను. 180 డిగ్రీల దాకా లేవాల్సిన చెయ్యి 70 దగ్గర ఆగింది. అక్కడి నుంచి భుజానికి బదులు ఒళ్లంతా ఎడమకు వంచుతున్నాడు. కాలేజీలో నేర్పినట్టే కాగితం మీద రాసిచ్చాను: వ్యాయామం రోజుకు మూడు పూటలు, ఒక్కో పూట ఇరవై నిమిషాలు. ఆయన మడిచి జేబులో పెట్టుకుని అన్నాడు: "షిఫ్టు పన్నెండు గంటలు బిడ్డా. మీటరు లెక్కన కూలి. సాంచె ఆగితే పైసలాగుతయ్."

ఫిజియోథెరపీలో మందుబిళ్ల లేదు. రోగి చేస్తేనే వైద్యం, చెయ్యకపోతే నా డిగ్రీకి విలువ లేదు. అందుకని కాకాను కూర్చోబెట్టి షిఫ్టు ఎన్నింటికి మొదలు, ఛాయ్‌కి ఎప్పుడు వదులుతారు, గోడ ఎంత దూరం అని అడిగాను. కార్ఖానా గోడ మీద సుద్దముక్కతో గీత పెట్టి, ఛాయ్ వేళ వేళ్లతో పైకి పాకమన్నాను. వారం వారం గీత కాస్త పైకి జరగాలి. నెలలు పట్టింది. చెయ్యి పూర్తిగా రాలేదు కానీ తువ్వాల భుజాన తనే వేసుకుంటున్నాడు.

ఒడియా కూలీతో హిందీలో, వజ్రాల పనివాడితో గుజరాతీలో, కాకాతో సిరిసిల్ల తెలుగులో ఇవే ప్రశ్నలు అడుగుతాను. వరంగల్‌లో చదివినా భుజం గురించి ఇదే నేర్పేవారు. మీటరు కూలి గురించి, చెరకు మోపు గురించి ఇక్కడ పుట్టి పెరగడం వల్లే తెలిసింది. ఆ సీటు కోసం బాపు చేసిన ఫోన్లు తలుచుకుంటే ఇప్పుడు నాకు చింత లేదు.

సూరత్‌లోనో, భివండీలోనో, షోలాపూర్‌లోనో ఉండి పిల్లల్ని తెలంగాణలో వైద్య కోర్సులు చదివించాలనుకునే మనవాళ్లకు ఒక్క మాట. పన్నెండో తరగతి ఫలితాలొచ్చాక వరంగల్‌కు ఫోన్లు చేసి లాభం లేదు. పంపాలనుకుంటే 8వ తరగతి అయిపోగానే పంపండి, లేదంటే ఉన్న రాష్ట్రంలో లోకల్ చేసే కాగితాన్నే లామినేషన్ చేయించి పెట్టుకోండి.