41 గంటలు తిరిగిన ఇంజిన్

‘చాలా తక్కువ తిరిగిన బండండీ’ అంటే చాలు, మనం సగం పడిపోతాం. నేనూ పడిపోయా. కాకపోతే నేను కొనబోయింది బండి కాదు, విమానం ఇంజిన్!

నేను షికాగోలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. అమెరికాలో ఒకే సీటుతో, 254 పౌండ్ల లోపు (సుమారు 115 కిలోలు) బరువుండే అల్ట్రాలైట్ నడపడానికి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. ఇంధనం 5 గ్యాలన్లు దాటకూడదు, ఊళ్ల మీద ఎగరకూడదు. అలాంటిదొకటి ఏడాదిగా గ్యారేజీలో కట్టుకుంటున్నా. రెక్కలొచ్చాయి, ఇంజినే లేదు.

విస్కాన్సిన్‌లో ఓ పెద్దాయన దగ్గర పాత రోటాక్స్ 447 ఉందని తెలిసింది. టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, 40 హార్స్‌పవర్. తిరిగింది 41 గంటలే! అక్టోబరు శనివారం పొద్దున్నే బయల్దేరా. మిల్వాకీ దాటాక దారి పొడవునా కోతకొచ్చిన మొక్కజొన్న, ఎర్ర కొట్టాలు, పాడి ఆవులు. ఫాన్ డు లాక్ చేరితే ఎదురుగా విన్నెబాగో సరస్సు. అదే ఒడ్డున ఇంకాస్త పైకెళ్తే ఆష్కోష్. ఏటా జులైలో వేల విమానాలు వాలే ఊరు. ఈ చుట్టుపక్కల గడ్డి రన్‌వే ఉన్న రైతు కనిపించినా వింతేం కాదు.

పెద్దాయన కొట్టంలో టార్పాలిన్ తీశాడు. ఇంజిన్ మీద గీత కూడా లేదు. తాడు లాగాడు. రెండో లాగుకే స్టార్ట్! ఆ నీలం పొగ వాసనకి నాకు తెనాలి గుర్తొచ్చింది. నాన్న లూనాకి పెట్రోల్‌లో ఆయిల్ కలిపి పోసేవాడు. ఓసారి రెండేళ్లు మూలన పెట్టి తీస్తే బాగానే స్టార్టయ్యింది. వారానికే బేరింగ్ పోయి రోడ్డు మీద ఆగిపోయింది. నాన్న తోసుకుంటూ ఇంటికొచ్చాడు.

గాల్లో ఆగితే తోసుకుంటూ రాలేం కదా!

టూ స్ట్రోక్‌లో క్రాంక్ బేరింగులకి విడిగా ఆయిల్ ఉండదు. పెట్రోల్‌తో వచ్చే ఆయిలే దిక్కు. ఏళ్ల తరబడి ఆపేస్తే ఆ పొర ఎండిపోతుంది, తేమ చేరుతుంది, తుప్పు మొదలవుతుంది. రబ్బరు సీల్స్ కూడా గట్టిపడతాయి. గంటల మీటరు ఇవేవీ చూపించదు.

ఇంజిన్ చల్లారాక, అడిగి కార్బురేటర్ విప్పా. ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరా లోపలికి పంపా. సిలిండర్ గోడలు అద్దంలా ఉన్నాయి. ఇంకాస్త కిందికి పంపితే... కనెక్టింగ్ రాడ్ అడుగున, బేరింగ్ పక్కన గోధుమరంగు మచ్చలు.

స్క్రీన్ ఆయనకి చూపించా. చాలాసేపు చూశాడు. లాగ్‌బుక్ తెచ్చి చివరి పేజీ తీశాడు. ఆఖరిసారి ఎగిరింది 2006లో. “భద్రంగా దాచాననుకున్నా” అన్నాడు మెల్లగా. ఆయన మోసం చేయలేదు, ఆయనకీ తెలియదు.

కొత్త క్రాంక్‌షాఫ్ట్, బేరింగులు, సీల్స్ ఖర్చు తీసేసి నా ధర చెప్పా. కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఇద్దరం కలిసి డిక్కీలోకి ఎత్తాం.

రాత్రి నాన్నకి వీడియో కాల్ చేస్తే ఒకటే ప్రశ్న: “స్టార్టయ్యిందా?”

“అయ్యింది నాన్నా. అందుకే మొత్తం విప్పేస్తున్నా.”