పుల్లరి గడ్డ మీద చట్టం పాఠం

నరసరావుపేటలో బయలుదేరినప్పుడు కారు అద్దం శుభ్రంగానే ఉంది. కోటప్పకొండ శిఖరాలు వెనక్కి వెళ్లిపోయి పిడుగురాళ్ల దగ్గరపడేసరికి దాని మీద సన్నటి తెల్ల పొడి పేరుకుంది. వేలితో గీస్తే గీత పడుతోంది.

"మంచులా ఉంది కదూ బాబాయ్!" అంది మా అన్నయ్య కూతురు.

మంచు కాదు... సున్నం! ఈ ఊరి బట్టీల్లో కాలిన సున్నం ఎన్ని ఊళ్ల గోడలకు ఎక్కిందో లెక్కే లేదు.

మేం వెళ్తున్నది గుళ్లూ గోపురాలూ చూడ్డానికి కాదు. అమ్మాయి ఐదేళ్ల లా కోర్సు చదువుతోంది. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం చదువు పూర్తయ్యేలోపు కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. మూడేళ్ల కోర్సు వాళ్లకైతే 12 వారాలు. లాయర్ల దగ్గరే చేయాలని లేదు, స్వచ్ఛంద సంస్థల్లోనూ చేయొచ్చు. తను పర్యావరణ చట్టాల మీద పనిచేసే ఓ సంస్థను ఎంచుకుంది. అక్కడ ఇచ్చిన పని ఒక్కటే. 'ఒక ఊరికి వెళ్లి, ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు అంటే ఏంటో వాళ్లకు అర్థమయ్యేలా చెప్పిరా.' "మన పల్నాడులోనే చేస్తా, తోడు రా బాబాయ్" అంది. సరేనన్నాను.

రాళ్లే సంపద

శ్రీనాథుడివని చెప్పుకునే చాటువుల్లో పల్నాడు మీద బోలెడు విసుగు కనిపిస్తుంది. ఎటు చూసినా రాళ్లు, తాగడానికి నీళ్లుండవు, తిందామంటే జొన్నకూడు! పాపం, ఆ రాళ్ల విలువ ఆయన కాలానికి ఇంతగా తెలియదు. నిజానికి అంతకు వెయ్యేళ్ల ముందే శిల్పులకు తెలుసు. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది ఈ ప్రాంతపు సున్నపురాతిమీదే. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాల రాయిని 'పల్నాడు పాలరాయి' అని పిలిచేవారు.

ఆ రాయే ఇప్పుడు సిమెంటుకు ముడిసరుకు. ఒక టన్ను క్లింకర్ తయారవ్వాలంటే సుమారు ఒకటిన్నర టన్నుల సున్నపురాయి కావాలి. అందుకే పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల చుట్టుపక్కల ఫ్యాక్టరీల గొట్టాలు కనిపిస్తాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. మిర్చి, పత్తి చేల పక్కనే క్వారీ గుంతలుండే జిల్లా ఇది. ఉద్యోగాలు ఇచ్చేదీ ఆ రాయే, దుమ్ము రేపేదీ ఆ రాయే.

మించాలపాడులో కాసేపు

మేం వెళ్లాల్సిన ఊరికి ముందు ఒక చోట ఆగుదామన్నాను. కారంపూడిలో నాగులేరు ఒడ్డున వీర్ల గుడి చూసుకుని దుర్గి మండలంలోని మించాలపాడు వైపు మళ్లాం. కన్నెగంటి హనుమంతు ఊరది.

1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి సర్కారుదైపోయింది. తాతల నాటినుంచి పశువులు మేసిన బీళ్లలోనే మేపుకోవడానికి పన్ను కట్టాల్సివచ్చింది. అదే పుల్లరి. 1921లో పల్నాడు రైతులు కట్టబోమన్నారు. సర్కారు ఉద్యోగులను ఊళ్లకు ఊళ్లే వెలివేశాయి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో పోలీసులు కాల్పులు జరిపారు. హనుమంతు ప్రాణాలొదిలాడు.

"చట్టం పుస్తకంలో ఇది ఒక్క లైను కూడా లేదు బాబాయ్" అంది అమ్మాయి. తనకు ఆ చట్టంలోని సెక్షన్లు తెలుసు. దాని కింద నలిగిన ఊరు మాత్రం ఇదే మొదటిసారి చూడటం.

వేపచెట్టు కింద క్లాసు

గురజాల దాటి వెళ్లిన ఆ ఊరి పేరు రాయొద్దన్నారు వాళ్లు. సాయంత్రం వేపచెట్టు కింద పాతికమంది చేరారు. అమ్మాయి ఎప్పుడో పేపర్లో వచ్చిన ఓ పాత నోటీసు కత్తిరించి తెచ్చింది. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం, 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం... వరసగా చెప్పుకుంటూ పోయింది. పది నిమిషాలకే ఒకాయన ఆవులించాడు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు.

అప్పుడో పెద్దాయన అడ్డుపడ్డాడు. "అమ్మాయ్, ఆ నంబర్లు మాకెందుకు గానీ, మా చెరువు పేరు ఆ కాయితంలో ఉందో లేదో ఎట్టా తెలుసుకోవాలో అది చెప్పు."

అమ్మాయి కాసేపు ఆగింది. తర్వాత ఓ పుల్ల తీసుకుని నేలమీద గుండ్రంగా గీత గీసింది. గని గానీ ఫ్యాక్టరీ గానీ పెట్టాలంటే చుట్టూ 10 కిలోమీటర్ల మేర ఏమేం ఉన్నాయో కంపెనీ నివేదికలో చూపించాలి. "ఇందులో మీ ఊరివన్నీ పెట్టండి" అంది.

ఇక చూడాలి! చెరువుకో రాయి, బడికో రాయి, బోర్లకు గులకరాళ్లు... గొర్రెలు కాసే కుర్రాడు వచ్చి ఓ వంకర గీత గీశాడు. "ఇది మా వాగు. వానలప్పుడే పారుద్ది. ఎండాకాలం వచ్చి చూస్తే బండ్ల బాట అనుకుంటారు." అమ్మాయి గబగబా రాసుకుంది. సాధారణంగా ఇలాంటి నివేదికకు ఒక్క సీజన్ సమాచారం చాలు, అదీ వానాకాలం కాని సీజన్! ఆ వాగు కాగితంలోకి రావాలంటే ఆ కుర్రాడు నోరు విప్పాల్సిందే.

ఏ నెలలో బావి నీళ్లు ఎంత లోతుకు పోతాయో ఒకావిడ వేళ్లమీద లెక్కచెప్పింది. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే యువకుడు మాత్రం "నా జీతం అక్కడిదే. ఫ్యాక్టరీ వద్దనను. దుమ్ము మా మిర్చి మీద పడకుండా చూడాలి, అంతే" అన్నాడు. అతని మాటా రాసుకుంది. అభిప్రాయ సేకరణ అంటే వద్దనేవాళ్లదే కాదు కదా!

ఆ ముప్ఫై రోజులు

2006 సెప్టెంబర్ 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రచురించాలి. ముసాయిదా నివేదికను కలెక్టరేట్, జిల్లా పరిషత్, పంచాయతీ వంటి చోట్ల చూసుకోవచ్చు. సారాంశం తెలుగులోనూ ఉండాలి. సభ నిర్వహించేది కాలుష్య నియంత్రణ మండలి. కలెక్టరో, అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని అధికారో అధ్యక్షత వహించాలి. సభంతా వీడియో తీయాలి. ఎవరేమన్నారో చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి.

"అందరం వద్దంటే ఆగుద్దా?" అని అడిగాడు పెద్దాయన.

ఆగదు. అది ఓటింగ్ కాదు. ఆ మాట అమ్మాయి దాచకుండా చెప్పింది. కానీ సభలో లేవనెత్తిన ప్రతి ముఖ్యమైన విషయానికీ తుది నివేదికలో జవాబివ్వాలి. అనుమతి వచ్చాక షరతులు ఎలా అమలవుతున్నాయో కంపెనీ ఏటా జూన్ 1న, డిసెంబర్ 1న నివేదిక ఇవ్వాలి. అనుమతిపై అభ్యంతరం ఉంటే 30 రోజుల్లో జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకూ అనుమతిస్తారు. మనకు దక్షిణాది బెంచ్ చెన్నైలో ఉంది.

ఆ ట్రైబ్యునల్ పుట్టుక వెనక తెలుగు నేల కథ ఒకటుంది. హైదరాబాద్ జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల పరిరక్షణ కేసులో 1999లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఇలాంటి కేసులు తేల్చడానికి నిపుణులు కూడా ఉండాలని చెప్పిన ఆ తీర్పు రాసింది జస్టిస్ ఎం.జగన్నాధరావు. తర్వాత ఆయనే లా కమిషన్ ఛైర్మన్‌గా 2003లో పర్యావరణ కోర్టులు కావాలని నివేదిక ఇచ్చారు. 2010లో హరిత ట్రైబ్యునల్ ఏర్పడింది.

నువ్వెళ్లిపోతే?

చీకటి పడింది. లేవబోతుంటే పెద్దాయన మళ్లీ అడిగాడు. "అప్పుడు పుల్లరి కాయితం చదివి చెప్పినోళ్లు లేరు. ఇప్పుడు నువ్వొచ్చావు. బాగానే ఉంది. మరి నువ్వెళ్లిపోతే?"

అమ్మాయి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మాచర్లలో సరిగ్గా నిద్రపోలేదు. పొద్దున ఎత్తిపోతల చూపించాను. సుమారు 70 అడుగుల ఎత్తునుంచి చంద్రవంక దూకుతోంది. అక్కడా నోటుపుస్తకమే తీసింది. వెనక్కి వెళ్దామంది.

మళ్లీ ఆ ఊరెళ్లాం. ఈసారి తను చెప్పలేదు. డిగ్రీ చదివే ఇద్దరు ఆడపిల్లలకు నోటీసు ఇచ్చి ఊరివాళ్లకు వాళ్లచేతే చదివించింది. న్యాయసేవాధికార సంస్థలు ఊళ్లలోని సామాన్యులకే శిక్షణ ఇచ్చి పారాలీగల్ వాలంటీర్లుగా తీసుకుంటాయని, ఈ పథకం 2009లో మొదలైందని వివరించింది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుందని, 15100కు ఫోన్ చేయొచ్చని పంచాయతీ గోడమీద రాయించింది.

చదువుతూ ఓ పిల్ల 'పర్యావరణ ప్రభావ మదింపు' దగ్గర తడబడింది. పెద్దాయన వెంటనే అందుకున్నాడు. "అంటే మన చెరువుకేమవుద్దో ముందే చూట్టం. కానీ, చదువు."

వచ్చేటప్పుడు కారు అద్దం మీద మళ్లీ తెల్ల పొడి. దానిమీద మా అమ్మాయి వేలితో ఓ గుండ్రటి గీత గీసి, లోపల వంకరగా ఓ వాగు వేసింది.