తాళం ఎవరు వేస్తారు, ఎవరు తీస్తారు?

మోటార్‌హోమ్ అంటే చక్రాల మీద ఇల్లు. ముందు డ్రైవరు సీటు, వెనక మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, చేతులు చాస్తే గోడలు తగిలే బాత్‌రూము. మేముండే ఇంగ్లండ్‌లో సెలవులొస్తే ఇలాంటి బండ్లు వరసగా రోడ్డెక్కుతాయి. హోటల్లో దిగితే పప్పూ అన్నం ఎక్కడ వండి పెట్టను అని నేను పదేళ్లు సణిగాక, మా వారు కిందటేడు ఒక పాత బండి కొన్నారు. ఇల్లు తర్వాత మేము ఇంత డబ్బు పోసి కొన్న వస్తువు ఇదొక్కటే.

ఇల్లూ బండీ ఒకటే కావడంలోనే ఉంది చిక్కంతా. ఇంట్లో దొంగలు పడితే సామాను పోతుంది గానీ ఇల్లు పోదు. ఇక్కడ ఇల్లే కదిలి వెళ్లిపోతుంది. పైగా ఏడాదిలో ఎక్కువ రోజులు అది వాకిట్లో ఊరికే నిలబడి ఉంటుంది. మా వెనక వీధిలో ఒకరి బండి అలాగే ఒక తెల్లవారుజామున మాయమైంది. ఆ వారమే మా వారు కాగితం తీసుకుని కొనాల్సినవన్నీ రాశారు. స్టీరింగు తాళం, పెడల్ తాళం, చక్రానికి క్లాంపు, తలుపులకు అదనపు తాళాలు, అలారం, ట్రాకర్... మొత్తం పద్నాలుగు తేలాయి.

నేను ఆ జాబితా పక్కన రెండు గళ్లు గీశాను. ఒకదాని మీద "రోజూ ఎవరు వేస్తారు?" అని, రెండోదాని మీద "రాత్రి చీకట్లో ఎవరు తీస్తారు?" అని రాశాను. ఆయన నవ్వారు గానీ కాగితం చింపెయ్యలేదు.

ముందు బీమా పాలసీ చదివాం. మనకు నచ్చిన పరికరం వేరు, బీమా వాళ్లు ఒప్పుకునేది వేరు. ఫలానా రకం ట్రాకర్ ఉండాలని వాళ్లు రాసిన చోట మనం ఇంకోటి పెట్టుకుంటే, రేపు పరిహారం దగ్గర పేచీ వస్తుంది. ఈ దేశంలో రెండు ముద్రలు చూసుకోవాలి. అలారాలు, ట్రాకర్ల లాంటివాటికి థాచమ్ ముద్ర. అది బీమా కంపెనీలు 1969లో పెట్టుకున్న పరిశోధన సంస్థ. తాళాలకు సోల్డ్ సెక్యూర్ ముద్ర. దాన్ని 1992లో నార్తంబ్రియా, ఎసెక్స్ పోలీసులు మొదలుపెట్టారు. వాళ్లు పనిముట్లతో తాళం మీద దాడి చేసి, ఎంతసేపు తట్టుకుంటుందో చూసి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని గ్రేడులిస్తారు. "విరగదు" అని ఏ తాళానికీ రాసివ్వరు. అంటే డబ్బు పోసి మనం కొనుక్కునేది కొన్ని నిమిషాలు. ఆ నిమిషాలు దొంగకు విసుగు తెప్పించాలి, మనకు మాత్రం అడ్డు రాకూడదు.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో మట్టిగోడల ఇళ్లు ఉండేవి. టేకు తలుపుకి ఎంత పెద్ద తాళం వేసినా దొంగ దాని జోలికి వచ్చేవాడు కాదట. వెనక గోడకు కన్నం వేసేవాడు. ఇప్పటి బండ్లకూ అలాంటి చోటొకటుంది. స్టీరింగు కింద, మెకానిక్కులు కంప్యూటరు తగిలించే ఓబీడీ పోర్టు. తలుపు తీసుకుని లోపలికి దూరినవాడు తన పరికరం అక్కడ గుచ్చి, కొత్త తాళంచెవిని బండికి పరిచయం చేసేస్తాడు. కంపెనీ పెట్టిన ఇమ్మొబిలైజర్ దాన్ని సొంత తాళంచెవే అనుకుంటుంది. అందుకని పోర్టుకి తాళం ఉన్న ఇనుప మూత పెట్టించాం. రోజూ వేసే పని లేదు, రాత్రి తీసే పని లేదు. నా రెండు గళ్లలోనూ సున్నాయే.

కంటికి కనపడేది కూడా ఒకటి ఉండాలి. అద్దంలోంచి తొంగి చూసినవాడు ఇంకో బండి చూసుకుందాం అనుకోవాలి. పెడల్ తాళం గట్టిదే గానీ, ప్రతిసారీ మోకాళ్ల మీద వంగి కిందికి దూరాలి. వానలో, చేతిలో కూరల సంచీతో అది జరిగే పని కాదు. "తాళం వేసితిని, గొళ్లెం మరిచితిని" అన్న సామెత మనకు ఊరికే పుట్టలేదు కదా! స్టీరింగు చక్రాన్ని మొత్తం కప్పేసే పసుపు రంగు పళ్లెం లాంటి తాళం తీసుకున్నాం. కొట్లో నేనే ఎత్తి, బిగించి, విప్పి చూశాను. చక్రానికి వేసే క్లాంపు మాత్రం చలికాలమంతా బండి కదలనప్పటికి ఉంచాం.

అసలు గొడవ తలుపుల దగ్గర వచ్చింది. మనం ఎక్కి దిగే పక్క తలుపు మోటార్‌హోమ్‌లో బలహీనమైన చోటు. దానికి పెట్టే అదనపు తాళాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి లోపలి నుంచి కూడా తాళంచెవితోనే తెరుచుకుంటుంది. రెండోది లోపల పిడి తిప్పితే చాలు. మొదటిదే గట్టిదని మా వారి పట్టు.

"రాత్రి గ్యాసు లీకైతేనో, నిప్పంటుకుంటేనో చెవి ఎక్కడ వెతుక్కుంటామండీ?" అన్నాను.

"తలుపు పక్కనే కొక్కేనికి తగిలిద్దాం. అంతేగా!"

"తలుపు పక్కనే ప్లాస్టిక్ కిటికీ ఉంది. దాన్ని ఎత్తినవాడికి చెయ్యి చాస్తే అందుతుంది."

ఆ నెలల్లో అత్తయ్యగారు మా దగ్గరే ఉన్నారు. వయసు డెబ్బై మూడు, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. బండిలో తలుపుకి దగ్గరున్న పడక ఆవిడదే. కొట్టుకి ఆవిణ్ణీ తీసుకెళ్లాం. నమూనా తలుపుల ముందు నిలబెట్టి, "కళ్లు మూసుకుని తీయండి అత్తయ్యా" అన్నాను. చెవితో తీసేదాన్ని ఆవిడ చాలాసేపు తడిమి వదిలేశారు. పిడి తిప్పేది రెండోసారికే వచ్చేసింది.

"మా తెనాలి ఇంటి అడ్డగడియ ఇంతకన్నా సులువే అమ్మాయ్. అయినా ఇది నా చేతికి వచ్చింది, చాలు" అన్నారు. మా వారు మారు మాట్లాడకుండా రెండోదానికే డబ్బు కట్టారు.

ఆ పూటే ఇంకో సంగతి తెలుసుకున్నాం. బండిలో నేల దగ్గర చిన్న గాలి రంధ్రాలుంటాయి. ఎల్పీజీ గాలి కన్నా బరువు కాబట్టి, లీకైతే కిందికి దిగి వాటిలోంచే బయటికి పోవాలి. ఎవరైనా చెయ్యి పెడతారనో, చలేస్తోందనో వాటిని మూయకూడదు.

అలారం కొనేటప్పుడు చూడాల్సింది ఒకటే. లోపలి కదలికను పసిగట్టే సెన్సార్లను రాత్రిపూట ఆపి, తలుపులవి మాత్రం పని చేయించే వీలుండాలి. లేకపోతే అర్ధరాత్రి మా చిన్నది మంచినీళ్లకు లేచినా పార్కంతా లేస్తుంది. అలా రెండు రోజులయ్యాక ఎవరైనా అలారం ఆపేసే పడుకుంటారు.

ఇక ట్రాకర్. థాచమ్ లెక్కలో ఎస్‌7 అనేది బండి ఎక్కడుందో చెబుతుంది, ఎవరైనా దాన్ని పీకబోతే నిఘా కేంద్రానికి కబురు పంపుతుంది. ఎస్‌5 అయితే డ్రైవరు జేబులో ఒక ట్యాగు కూడా ఉండాలి. అది లేకుండా బండి కదిలితే వెంటనే కేంద్రానికి తెలుస్తుంది. మా పాలసీకి ఎస్‌7 సరిపోయింది, అదే పెట్టించాం. ఏదైనా ఏటేటా చందా కట్టాలి, బండి ఆగి ఉన్నా బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. చందా అయిపోయి, బ్యాటరీ దిగిపోయాక బండి పోతే, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. అందుకే పైకప్పు మీద చిన్న సోలార్ పలక వేయించి, చందా తేదీని వంటింటి క్యాలెండర్లో రాసిపెట్టాను.

పద్నాలుగు కాస్తా ఆరయ్యాయి: పోర్టు మూత, స్టీరింగు తాళం, క్లాంపు, పక్క తలుపు తాళం, అలారం, ట్రాకర్. మిగతాది డబ్బు పెట్టి కొనేది కాదు. దిగేటప్పుడు పాస్‌పోర్టులు, బండి కాగితాలు నా సంచీలోనే ఉంటాయి. బంగారం అసలు బండి ఎక్కదు. ఈ మాట మీద అత్తయ్యగారు మొదట చిన్నబుచ్చుకున్నా, ఇప్పుడు స్కాట్లండ్ దాకా గాజు గాజులతోనే వచ్చేస్తున్నారు.

మీలో మోటార్‌హోమ్ కొనేవాళ్లు ఎందరో ఉండకపోవచ్చు. కానీ రాత్రి పడుకునే ముందు ఫ్లాట్ గుమ్మానికి ఇనుప గ్రిల్లు లాగి తాళం వేసి, చెవిని ఎక్కడో డ్రాయరులో పడేసేవాళ్లు చాలామందే ఉంటారు. ఈ రాత్రి ఒకసారి లైట్లు ఆర్పి, ఇంట్లో పెద్దవాళ్ల చేత, చిన్నవాళ్ల చేత ఆ తలుపు తీయించి చూడండి. వాళ్ల చేతికి రాకపోతే ముందు ఆ తాళం సంగతి చూడండి, దొంగ సంగతి తర్వాత.