గ్యారంటీ సీటు

మన సంఘం విందుల్లో వంటల ప్రస్తావన అయిపోగానే వచ్చేది పిల్లల చదువుల ప్రస్తావనే. "మావాడికి ఎనిమిదేళ్ళ ప్రోగ్రాంలో సీటొచ్చింది" అన్న మాట వినబడితే చాలు, చుట్టూ నలుగురు చేరతారు. హైస్కూలు ముగిసేసరికే డిగ్రీకీ, మెడికల్ స్కూలుకీ కలిపి ఒకేసారి సీటు! ఇంటర్ కాగానే ఎం.బి.బి.ఎస్.లో చేరే పద్ధతి చూసి పెరిగిన మనకు ఇది ప్రాణానికి హాయిగా ఉంటుంది. కాన్సస్ సిటీలో 1971లో మొదలైన ప్రోగ్రాం అయితే ఆరేళ్ళే, బ్రౌన్‌లో ఎనిమిదేళ్ళు.

అలాంటి సీటు చేతిలో ఉండగా, మూడో ఏడు చదువుతున్న మా అమ్మాయి "వేరే మెడికల్ స్కూళ్ళకు అప్లై చేస్తాను" అంది. మా ఇద్దరికీ కాసేపు నోట మాట రాలేదు. తెనాలి నుంచి వాళ్ళ నానమ్మ ఫోనులో విని, "మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకుంటారుట్రా?" అంది.

ముంత సంగతి నిజమే. ఈ ప్రోగ్రాములన్నిటికీ ఒకే నియమం లేదు. కొన్నిచోట్ల బయట ఎక్కడికి దరఖాస్తు పెట్టుకున్నా సీటు పదిలంగా ఉంటుంది. కొన్నిచోట్ల ముందు అనుమతి తీసుకోవాలి. మరికొన్నిచోట్ల దరఖాస్తు పంపితే సీటు పోయినట్టే. అమ్మాయిది ఈ చివరి రకం. చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాలు బయటికి తీసి ముగ్గురం కూర్చుని వాక్యం వాక్యం చదివాం. ఒక మిత్రుడు "చెప్పకుండా పంపిస్తే సరి" అన్నాడు. నీతి మాట అటుంచండి, సిఫార్సు ఉత్తరాలు రాయవలసింది ఆ యూనివర్సిటీ ప్రొఫెసర్లే కదా!

పేరున్న స్కూలు కోసమైతే మేము అడ్డం పడేవాళ్ళమే. స్టెప్ 1 పరీక్షకు 2022 నుంచి మార్కులు తీసేసి పాసా, ఫెయిలా అన్నంతవరకే చెబుతున్నారు కనుక రెసిడెన్సీకి స్కూలు పేరే ముఖ్యమని కొందరి వాదన. దాన్ని నమ్మి నాలుగేళ్ళ నిశ్చింత వదులుకోవడం మాకు సబబుగా తోచదు.

అమ్మాయి లెక్క వేరు. తన స్కూలు ప్రైవేటుది. అప్పు చేయక తప్పదు. న్యూయార్క్ యూనివర్సిటీ 2018లో మెడికల్ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు ఎత్తేసింది. 2024లో రూత్ గాట్స్‌మన్ అనే ఆవిడ ఇచ్చిన 100 కోట్ల డాలర్ల విరాళంతో ఐన్‌స్టీన్ కాలేజీ కూడా ఎత్తేసింది. "అక్కడికి అందరూ ఎగబడరుటే?" అన్నాం. 2023 ప్రవేశాలకు దేశం మొత్తంమీద 52 వేలమందికి పైగా దరఖాస్తు పెడితే చేరినవాళ్ళు 23 వేలమందిలోపే. "మన రాష్ట్రం స్కూలుకూ పెడతాను, అక్కడా ఫీజు తక్కువే" అంది. కాస్త ఆగి, "ఈ సీటు తీసుకున్నప్పుడు నాకు 17 ఏళ్ళు. అప్పుడు నేను చూసింది ఈ ఒక్క కాలేజీయే" అంది. దానికి మా దగ్గర జవాబు లేకపోయింది.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ముందు ఎంక్యాట్ రాయాలి. 528కి 515 దాటితేనే దరఖాస్తు. లేకపోతే ఉన్నచోటే, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. ఏప్రిల్‌లో రాసింది. స్కోరుకోసం నెలరోజులు ఇంట్లో ఎవరమూ సరిగా నిద్రపోలేదు. 517 వచ్చింది. జూన్‌లో దరఖాస్తు పంపిన రోజునే, సీటు వదులుకుంటున్నానని డీన్ ఆఫీసుకు ఉత్తరం కూడా తనే రాసుకుంది.

ఇంతవరకు రెండుచోట్ల నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. సీటు ఇంకా ఎక్కడా రాలేదు.