వాన దినం

నాది వానాకాలం చదువు. పల్లెలో తెలుగు మీడియంలో చదివి బీయస్సీలో చేరినవాణ్ణి. ఇంగ్లీషు గంట వస్తే వెనక బెంచీ వెతుక్కునేవాణ్ణి. ఒకనాడు మాస్టారు బోర్డు మీద ‘సేవ్ ఫర్ ఎ రెయినీ డే’ అని రాసి, “దీనర్థం చెప్పవోయ్” అని నన్నే లేపారు.

“వాన దినానికి దాచిపెట్టుకోవడం సార్. మా నాయన యేటా చేసే పనే” అన్నాను.

క్లాసంతా గొల్లుమంది. మాస్టారూ నవ్వి, “వాన దినమంటే ఇక్కడ కష్టకాలం. అప్పటికి నాలుగు రాళ్లు వెనకేసుకోవడమని భావం” అని వివరించారు.

కూర్చున్నానే గాని మనసు ఒప్పుకోలేదు. వాన పడిన దినం కష్టదినమెట్లా అవుతుంది? మా ఊళ్లో చినుకు రాలితే అవ్వ వాకిట్లోకొచ్చి ఆకాశానికి మొక్కుతుంది.

లెక్కలు చూస్తే వింతగా తోచింది. లండన్‌లో ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో సుమారు 550. తేడా ఇంతే! కాకపోతే అక్కడ నూరు రోజులకు పైగా కొంచెం కొంచెంగా పడుతుంది. ఇక్కడ నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. తూర్పు సముద్రమా, దూరం. కొద్ది రోజులు కురిసి మొహం చాటేస్తుంది. విత్తేనాటికి పడితే, వేరుశనగ ఊడలు దిగేనాటికి పడదు. వానతో విసిగినవాళ్లకు అది కష్టానికి మారుపేరైంది. మనకది పండగ.

మా నాయన యేటా మంచి కాయలు ఏరి మూటలు గట్టి అటక మీద పెడతాడు. ముందే వలిస్తే మొలక చెడుతుందని కాయగానే ఉంచుతాడు. ఇంట్లో బియ్యం నిండుకున్నా వాటి జోలికి పోనీడు. పదునైననాడు విత్తనం లేకపోతే ఆ యేడు సేద్యం పోయినట్టే.

నేను కాలేజీలో చేరిన యేడు ఫీజుకు నాయన డబ్బు తెచ్చిచ్చాడు. ఎక్కడిదని నేనడగలేదు. వాన పడ్డాక ఊరికి పోతే చేనిలో మూడోవంతు బీడుగా ఉంది. “మూడు మూటల్లో ఒకటి నీ ఫీజుకు పోయిందిరా” అని అమ్మ మెల్లగా చెప్పింది. నాయన ఆ మాటే ఎత్తలేదు. మిగిలిన చేనిలో కలుపు తీస్తూ, “బస్సుకు టైమయింది, పో” అన్నాడు.

పరీక్షలో ఆ జాతీయం వస్తే మాస్టారు చెప్పిన అర్థమే రాస్తాను. మార్కులు కావాలి కదా! కాని మిత్రులారా, మా ఇంట్లో దాని అర్థం వేరు. మేం కష్టకాలంలోనే దాచుకుంటాం, వాన దినానికి.

ఆ ఒక్క మూట బాకీ నేనింకా తీర్చలేదు.