అరవై రోజుల్లో అద్దె ఇల్లు అమ్మాం

"అంత తొందరగా ఇల్లెలా అమ్మారు, ఎంత ఖర్చయింది" అని చాలామంది ఇన్‌బాక్సులో అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు అంతా ఒక్కచోటే రాసేస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

2015లో ఫ్రిస్కోలో మేం కొన్న మొదటి ఇల్లు అది. ఐదేళ్ళు ఉన్నాం. 2020 ఆగస్టులో పక్క ఊళ్ళో కాస్త పెద్ద ఇల్లు కొనుక్కుని, పాతది అద్దెకిచ్చాం. "అమ్మకండి, అద్దె వస్తుంది, ధర పెరుగుతుంది" అని అందరూ అన్నారు. నిజమే, రెండూ జరిగాయి. కానీ 2023 జనవరి 20, శుక్రవారం పొద్దున్న పదిహేను నిమిషాల మీటింగొకటి వచ్చింది. అది అయ్యేసరికి ల్యాప్‌టాప్ లాక్ అయిపోయింది.

హెచ్1బీ వాళ్ళకి ఆ తర్వాత లెక్క తెలిసిందే. ఆఖరి పనిదినం నుంచి 60 రోజులు. మా ఇంట్లో రెండో ఉద్యోగం హెచ్4 ఈఏడీ మీద. అంటే మొదటిది పోతే రెండోదీ పోయినట్టే. రెండిళ్ళ ఈఎంఐలు, టెక్సస్ ప్రాపర్టీ టాక్సులు, స్కూల్లో పాప. ఆ రాత్రి కిచెన్ టేబుల్ మీద కాగితం పెట్టుకుని లెక్కలేసుకున్నాం.

తొందరగా అమ్మడానికి మాకు రెండు కారణాలు కనబడ్డాయి. ఇవి చాలామందికి తెలియవు, అందుకే వివరంగా రాస్తున్నాం.

ఒకటి, లాభం మీద టాక్స్. అమ్మే రోజుకి ముందు ఐదేళ్ళలో రెండేళ్ళు ఆ ఇంట్లో మనం ఉండి ఉంటే, భార్యాభర్తలకి 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద పన్ను ఉండదు. మేం ఖాళీ చేసింది 2020 ఆగస్టు. అంటే 2023 ఆగస్టు దాటితే ఆ వెసులుబాటు పోతుంది. అయితే అద్దెకిచ్చిన కాలానికి తీసుకున్న డిప్రీసియేషన్‌కి మినహాయింపు లేదు, దాని మీద 25 శాతం దాకా కట్టాల్సిందే.

రెండోది ఫిర్‌ప్టా. ఇండియా వెళ్ళిపోయి, టాక్స్ లెక్కలో నాన్‌రెసిడెంట్ అయ్యాక అమ్మితే, కొనేవాళ్ళు ధరలో 15 శాతం పట్టుకుని ఐఆర్ఎస్‌కి కట్టాలి. లాభంలో కాదు, మొత్తం ధరలో. కొనేవాళ్ళు తామే ఉండటానికి కొంటే, ధర 10 లక్షల డాలర్లు దాటకపోతే 10 శాతం, 3 లక్షలు దాటకపోతే అసలు ఉండదు. తర్వాత రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది కానీ అప్పటిదాకా డబ్బు మన చేతిలో ఉండదు. మనం ఇక్కడ రెసిడెంట్‌గా ఉండగానే క్లోజింగ్ అయితే, విదేశీయులం కామని అఫిడవిట్ ఇస్తే సరిపోతుంది.

లెక్క బాగానే ఉంది. కానీ ఆ ఇంట్లో మనుషులున్నారు. ఖమ్మం వైపు వాళ్ళు, చిన్న కుటుంబం. మమ్మల్ని అన్నా, వదినా అనే పిలుస్తారు. లీజు మే 31 దాకా ఉంది. టెక్సస్‌లో ఇల్లు అమ్మినా లీజు మామూలుగా పోదు, కొత్త యజమాని దాన్ని మోయాలి. అంటే ఉండటానికి కొనేవాళ్ళు రారు, ఇన్వెస్టర్లే రావాలి. వడ్డీ 2021లో 3 శాతం లోపు ఉండేది, అప్పటికి 6 దాటింది. ఆ వడ్డీకి ఇన్వెస్టర్లు బేరమాడి చంపేస్తారు.

ఇక్కడ మేం ఒక తప్పు చేశాం. ఫోన్ చేసి, "మార్కెట్ బాగుంది, అమ్ముదామనుకుంటున్నాం, కాస్త ముందుగా ఖాళీ చేయగలరా" అన్నాం. ఉద్యోగం పోయిందని చెప్పలేదు. నోరు రాలేదు. అతను కాసేపు ఏం మాట్లాడలేదు. "అన్నా, లీజుంది కదా, పాప స్కూల్ మధ్యలో ఎక్కడికి పోతాం" అన్నాడు. అతని మాటలో తప్పేముంది?

రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు ఇద్దరం కలిసి వెళ్ళి కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాం. చెల్లెలు లోపలికెళ్ళి టీ పెట్టుకొచ్చింది. అతను అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "నాది కూడా హెచ్1బీనే కదన్నా. ముందే చెప్తే అయిపోయేది." డిపాజిట్ మొత్తం తిరిగిచ్చేశాం, ఒక నెల అద్దె వదిలేశాం, ట్రక్కు ఖర్చు పెట్టుకున్నాం, అదే స్కూల్ పరిధిలో అపార్ట్‌మెంట్ మేమే తిరిగి వెతికాం. అన్నీ కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకున్నాం. జనవరి 30 నుంచి ఫిబ్రవరి 2 దాకా డాలస్ అంతా మంచు గడ్డకట్టింది, కారు తీసే పరిస్థితి లేదు. 4వ తేదీ శనివారం సామాన్లన్నీ మేమే కలిసి ఎక్కించాం.

ఇక ఇంటి పని. పన్నెండు రోజులు.

మా రియల్టర్ తెలుగావిడే. తలుపు తీయగానే, "ఏమనుకోకండి, తాలింపు వాసన ఉంది" అన్నారు. కొంచెం బాధేసింది. మా వంటా, వాళ్ళ వంటా కలిపి ఎనిమిదేళ్ళ పోపు అది. మన ఇళ్ళలో చాలావాటికి పొయ్యి మీద మైక్రోవేవ్ ఫ్యాను పొగని బయటికి పంపదు, తిప్పి వంటింట్లోకే వదులుతుంది. నూనె గోడల మీదా, క్యాబినెట్ల పైనా జిడ్డులా పేరుకుంటుంది. క్యాండిళ్ళు వెలిగిస్తే పోదు. మేం చేసింది ఇది: ముందు జిడ్డు తుడిచి, వాసన ఆపే ప్రైమర్ ఒక కోటు వేసి, దాని మీద లేత రంగు. కార్పెట్ మొత్తం తీసేసి కొత్తది. ఏసీ ఫిల్టర్లు మార్చి, బ్లైండ్స్ కడిగాం. గడప మీద పసుపు మాత్రం మేమే తుడిచాం, క్లీనింగ్ వాళ్ళకి వదల్లేదు.

పెయింట్ 3,200 డాలర్లు, కార్పెట్ 2,600, శుభ్రం చేయించడానికి 450, ముందు తోటలో మల్చ్, మొక్కలకి 380. కిచెన్ మొత్తం మారిస్తే బాగుంటుందని ఒకరు 18,000 చెప్పారు. చేయించలేదు. తొందరలో అమ్మేటప్పుడు పెద్ద రిపేర్ల జోలికి వెళ్ళకండి. కొనేవాళ్ళు ముందు చూసేది శుభ్రం, వెలుతురు, వాసన.

ఇంకో సంగతి, ఫౌండేషన్. డాలస్ చుట్టుపక్కల మట్టి మన నల్లరేగడి లాంటిదే. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది, దానితోపాటు ఇల్లూ కదులుతుంది. 2018లో మేం ఒక పక్క రిపేర్ చేయించాం. డైనింగ్ రూం మూల సన్నటి పగులుంది. పెయింటర్ "పుట్టీ పెట్టేస్తే కనబడదు" అన్నాడు. ఒక్క క్షణం ఆశపడ్డాం, అబద్ధమెందుకు. కానీ టెక్సస్‌లో అమ్మేవాళ్ళు తెలిసిన లోపాలన్నీ డిస్‌క్లోజర్ ఫారంలో రాసివ్వాలి. దాస్తే అమ్మాక కూడా కేసు మెడకి చుట్టుకుంటుంది. ఇంజనీర్‌ని పిలిపించి రిపోర్ట్ తీసుకున్నాం. కదలిక ఆగిందని రాశాడు. ఆ రిపోర్టూ, పాత రిపేర్ వారంటీ కాగితాలూ లిస్టింగ్‌తోనే పెట్టేశాం.

ఫిబ్రవరి 16 గురువారం లిస్ట్ చేశాం. ధర ఆశకి పోకుండా, ఆ వీధిలో అంతకుముందు అమ్ముడైన ఇంటికంటే కొంచెం తక్కువే పెట్టాం. సోమవారానికి మూడు ఆఫర్లు. ఎక్కువ ధర చెప్పినవాళ్ళని కాకుండా, లోన్ సిద్ధంగా ఉండి, ఆప్షన్ పీరియడ్ ఐదు రోజులే అడిగినవాళ్ళని తీసుకున్నాం. వాళ్ళ ఇన్‌స్పెక్టర్ కూడా ఆ పగులు చూశాడు. రిపోర్ట్ ముందే ఇచ్చాం కాబట్టి దాని మీద బేరం రాలేదు.

మార్చి 17న క్లోజింగ్. 56వ రోజు. అంతకు మూడు రోజుల ముందే కొత్త కంపెనీ మా పిటిషన్ ఫైల్ చేసింది. "ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే ఇల్లు మిగిలేది కదా" అని బంధువులు ఇప్పటికీ అంటారు. ఉద్యోగం వస్తుందని మాకు ఫిబ్రవరిలో తెలియదు కదండీ. చేతిలో డబ్బు ఉంటుందన్న ధైర్యంతోనే ఆ ఇంటర్వ్యూల్లో గొంతు వణకకుండా మాట్లాడగలిగాం.

కొన్నవాళ్ళూ తెలుగువాళ్ళే, విజయవాడ వైపు. ఆఖరిసారి ఇల్లు చూడటానికొచ్చినప్పుడు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "దేవుణ్ణి ఎక్కడ పెట్టుకున్నారండీ?" ప్యాంట్రీ పక్క అల్మరా చూపించాం.

చివరిగా ఒక మాట. అద్దె ఇల్లున్నవాళ్ళు రిపేర్ రసీదులు, వారంటీలు, లీజు కాగితాలు ఒక ఫైల్లో ఈ రోజే పెట్టుకోండి. ఎప్పుడు ఖాళీ చేశారో ఆ తేదీ రాసిపెట్టుకోండి. సొంతంగా లెక్కలేయకుండా సీపీఏని అడగండి. ఉద్యోగం పోతే దాచుకోకండి. మేం దాచిన ఆ మూడు రోజులే అన్నిటికంటే బరువైనవి. ఖమ్మం తమ్ముడు వాళ్ళు మొన్న ఉగాదికి ఇంటికొచ్చారు. పచ్చడి వాళ్ళే చేసి తెచ్చారు.