పల్నాటి ఎండలో పిల్లలతో షికారు

"డాక్టరుగారూ, సెలవులిచ్చారు కదా అని పిల్లల్ని ఎక్కడికైనా తీసుకుపోదామంటే మా అత్తగారు గడప దాటనివ్వడం లేదు. వడదెబ్బ తగులుతుందంటున్నారు. నిజమేనా?" - ఏప్రిల్ నెల వచ్చిందంటే పిడుగురాళ్లలో తల్లులు నన్నడిగే ప్రశ్న ఇది. అత్తగారి భయంలో తప్పేమీ లేదు. ఎండలకు పేరు మోసిన రెంటచింతలను పక్కనే పెట్టుకుని బతుకుతున్న వాళ్లం మనం. చుట్టూ సున్నపు గనులు, బట్టీలు. అయినా నా జవాబు ఒకటే: తీసుకుపోండి. కాని గడియారం చూసుకుని తీసుకుపోండి.

మిరపకోతకు పోయే ఆడవాళ్లను గమనించారా? వీలైనంత వరకు చీకటితోనే బయలుదేరతారు, ఎండ ముదిరితే చెట్టు నీడ చూసుకుంటారు. షికారు పోయే మనం మాత్రం తొమ్మిదింటికి ఇడ్లీలు తిని, పదింటికి కారెక్కి, మిట్టమధ్యాహ్నం రాళ్ల మీద దిగుతాం! మన చర్మం వేడి సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడ్ ఉంటుంది. గాలి అంతకంటే వేడెక్కినప్పుడు ఒంటి వేడి బయటకు పోవడం మాట అటుంచి, బయటి వేడే ఒంట్లోకి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. ఆ చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. చెమటకు నీళ్లు కావాలి. పసిపిల్లలు పెద్దలకంటే త్వరగా వేడెక్కుతారు. ముసలివారికి దాహం సరిగా తెలియదు. కాబట్టి ఇంటిల్లిపాదీ కదిలినప్పుడు కాలం లెక్క చిన్నవాడినీ ముసలమ్మనూ బట్టి వేయాలి గాని, కారు నడిపే కుర్రవాడిని బట్టి కాదు.

మా ఇంట్లో పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు మొదటి షికారు ఎప్పుడూ గుత్తికొండ బిలానికే. మా మండలంలోదే. ఉదయం ఆరింటికల్లా అక్కడుండాలి, తొమ్మిదింటికి తిరుగుముఖం పట్టాలి - ఇది మా ఇంటి చట్టం. నిద్రపోతున్న ముచుకుందుడు కళ్లు తెరిచి చూడగానే కాలయవనుడు భస్మమైన చోటు ఇదేనని స్థలపురాణం. ఇంత చల్లని గుహలో ఒకడు కాలి బూడిద కావడమేమిటని మా అబ్బాయి అడిగేవాడు. నేనేమి చెప్పను! బట్టీల్లో మనం కాల్చే సున్నపురాయి జాతి రాయిలోనే వాననీరు వేల ఏళ్లు దారి తొలుచుకుంటూ పోతే ఇలాంటి గుహలు ఏర్పడతాయని మాత్రం చెప్పేవాణ్ణి. పైన ఎండ ఎంత కాసినా లోపలి రాయి అంత త్వరగా వేడెక్కదు. పిల్లలకు అదొక వింత.

ఒక్క మాట. ఏ బిలంలోనైనా లోతుకు పోయినకొద్దీ గాలి ఆడదు. మనం వదిలే ఊపిరి, కర్పూరం పొగ, గబ్బిలాల వాసన అన్నీ అక్కడే నిలిచిపోతాయి. తల బరువెక్కినా, ఆయాసం వచ్చినా, దీపం మసకబారినా వెంటనే బయటకు రావాలి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారు బయటే నీడన కూర్చుని దండం పెట్టుకోవడం మంచిది. దేవుడేమీ అనుకోడు.

దూరం పోదలచుకుంటే నాగార్జునసాగర్ ఉంది. ఇల్లు అయిదింటికి వదిలితే మాచర్ల దాటి ఎత్తిపోతలకు ఎండ ముదరకముందే చేరతారు. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. వేసవిలో ధార సన్నబడుతుంది, అయినా చూడవలసిందే. కింద మడుగులో మొసళ్లున్నాయి. అందుచేత చూడటమే తప్ప దిగడం లేదు. పన్నెండు నుంచి నాలుగు దాకా ఏదైనా కప్పు కింద పడుకోండి. పెరుగన్నం తినండి, పేకాడుకోండి, అమ్మమ్మ చేత కథలు చెప్పించుకోండి. నన్నడిగితే షికారులో అసలైన భాగం ఇదే. ఇంట్లో ఎవరి గదిలో వారు ఫోను చూసుకునే మనుషులు ఇక్కడ నాలుగు గంటలపాటు ఒకే చాప మీద ఉంటారు. ఎండ చల్లబడ్డాక అనుపు పోండి. డ్యాము నీటిలో మునిగిపోబోయే నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 వరకు తవ్వి, బయటపడిన కట్టడాల్లో కొన్నింటిని ఇలా గట్టుమీద తిరిగి కట్టారు. అక్కడి పురాతన రంగస్థలం మధ్య నిలబడి పిల్లలు చప్పట్లు కొట్టి చూడాలి!

సాగర్ తిరుగు ప్రయాణం గురించే నాకు మరిచిపోలేని కేసు ఒకటుంది. ఒక కుటుంబం మధ్యాహ్నం రెండింటి ఎండలో గట్టుమీద తిరిగి తిరిగి కారెక్కింది. వెనుక సీట్లో డెబ్బయి ఏళ్ల పెద్దావిడ కునుకు తీస్తోంది. అలసిపోయిందిలెమ్మని అందరూ ఊరుకున్నారు. దారిలో ఆవిడ మనవణ్ణి, ఎప్పుడో చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలిచింది. అందరూ నవ్వారు. కోడలు మాత్రం నవ్వలేదు. నుదురు తాకి చూసి, కారును తిన్నగా మా ఆసుపత్రికి పోనిమ్మంది. థర్మామీటరు 106 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించింది. ఒళ్లు పొడిగా కాలుతోంది. ఆవిడ రక్తపోటుకు వాడే మాత్ర మూత్రం ఎక్కువగా పోయేట్టు చేసే రకం. ఆ రోజు తాగిందేమో ఒక్క గ్లాసు మజ్జిగ. దారిలో మరుగుదొడ్డి ఉండదని నీళ్లు తాగలేదట! మన ఆడవాళ్లలో ఈ అలవాటు చాలామందికి ఉంది. బక్కెట్లతో నీళ్లు పోసి, ఫ్యాను కింద పెట్టి, చంకల్లో గజ్జల్లో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాం. బతికింది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేను.

తల తిరగడం, పిక్కలు పట్టేయడం, వాంతి వచ్చేట్టుండటం - ఇవి హెచ్చరికలు. నీడ, విశ్రాంతి, ఉప్పు వేసిన మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. నీళ్లతో తగ్గుతాయి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కలపండి. కాని మాట తడబడితే, మనుషులను గుర్తుపట్టకపోతే, ఫిట్లు వస్తే అది వడదెబ్బే. చెమట పడుతున్నా సరే, వడదెబ్బే. ముందు చల్లబరచాలి, తరువాతే ప్రయాణం. బట్టలు వదులుచేసి ఒళ్లంతా తడిపి విసరండి. తెలివి లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. పారాసెటమాల్ ఈ వేడికి పనిచేయదు. రక్తపోటు మాత్రలు మీ అంతట మీరు మానకండి. షికారుకు ముందు మీ డాక్టరును అడగండి.

అయితే నా ఉద్యోగ జీవితంలో ఎండాకాలం సెలవుల్లో వడదెబ్బకంటే నన్ను ఎక్కువ బాధపెట్టినవి నీటి చావులు. పన్నెండు, పదహారేళ్ల మగపిల్లలు. కృష్ణలో గుంటలు పైకి కనబడవు. సాగర్ కుడికాలువ గట్టు నున్నగా ఉంటుంది, దిగినవాడు ఎక్కలేడు. ఒకడు మునుగుతుంటే ఇంకొకడు దూకుతాడు, ఇద్దరూ పోతారు. దూకవద్దు. చీర, తాడు, వెదురుగడ ఏదైనా అందించండి. బయటకు తీశాక కాళ్లు పట్టి గిరగిర తిప్పడం, పొట్ట నొక్కడం పనికిరాదు. ఊపిరి లేకపోతే వెంటనే ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి అయిదుసార్లు ఊదండి. ఆ తరువాత రొమ్ము మధ్య ముప్పయిసార్లు గట్టిగా నొక్కి, రెండుసార్లు ఊదడం, 108 బండి వచ్చేదాకా ఆపకుండా చేయండి.

ఎక్కడికీ పోలేనివారికి మేడ ఉంది. సాయంత్రం నీళ్లు చల్లి, రాత్రి పక్కలు వేయండి. మే నెలలో ఉత్తరాన సప్తర్షులు, తొమ్మిది దాటాక ఆగ్నేయంగా వృశ్చికరాశి, దాని నడుమ ఎర్రగా జ్యేష్ఠ కనిపిస్తాయి. ఆకాశంలో తేలును చూపించేటప్పుడు నేలమీది తేలునూ గుర్తుపెట్టుకోండి. నాపరాళ్లు పేర్చిన చోట ఎర్రతేలు ఉంటుంది. కుట్టిన పిల్లవాడికి వాంతులు, ఒళ్లంతా చెమట, కాళ్లుచేతులు చల్లబడటం కనబడితే అది గుండెకు ప్రమాదం. దీనికి ప్రాజోసిన్ అనే చవకైన మాత్ర ఉంది. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో ఉంటూ డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980లలో దాని విలువను లోకానికి చూపించారు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. కనుక మంత్రం వేయించడం, కట్టు కట్టడం, గాటు పెట్టడం అంటూ పొద్దు గడపకుండా పిల్లవాణ్ణి నేరుగా ఆసుపత్రికి తీసుకురండి. పక్కలు వేసేముందు దుప్పట్లు, తొడుక్కునేముందు చెప్పులు ఒకసారి దులపండి. తలాపున టార్చిలైటు, చెంబుడు నీళ్లు పెట్టుకోండి.